పారబోసే హక్కు ఎవరిది?

"అక్కా, ఇవాళ వంట మానేద్దాం. బయట తినేద్దాం" అంది మా పిన్ని కూతురు. దసరా సెలవులకి హైదరాబాద్‌లో వాళ్ళింటికి వెళ్ళినప్పటి సంగతి. సరేనని బయల్దేరాం. తీరా వెళ్ళాక చూద్దును కదా, అది మామూలు హోటలు కాదు. అద్దాల గోడ వెనక నిలువెత్తు స్టీలు డ్రమ్ములు, వాటికి గొట్టాలు, మీటర్లు. పాల డెయిరీకి గానీ వచ్చామా అనుకున్నా. "మైక్రోబ్రూవరీ అక్కా. బీరు ఇక్కడే కాస్తారు, ఇక్కడే పోస్తారు. భోజనం కూడా బాగుంటుంది" అంది నవ్వుతూ.

లేచి వచ్చేద్దామనే అనిపించింది. కానీ చుట్టూ చూస్తే నాలుగైదు బల్లల దగ్గర ఆడవాళ్ళే ఉన్నారు. ఒకచోట తల్లీకూతుళ్ళలా ఉన్న ఇద్దరు తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటున్నారు. గోడకి పెద్ద నల్లబల్ల. టిఫిన్ సెంటర్లో ఇడ్లీ, వడ అని రాసినట్టు దాని మీద సుద్దముక్కతో బీర్ల పేర్లు రాశారు. ఒక్కోదాని పక్కనే అందులో ఆల్కహాలు ఎంత శాతం, చేదు ఎంత, ధర ఎంత అన్నీ ఉన్నాయి.

మా చెల్లెలు పిల్స్‌నర్ అనే రకం ఒక గ్లాసు తెప్పించుకుంది. వెంటనే తాగలేదు. వెలుగుకి ఎత్తి పట్టుకుని చూసింది. వాసన చూసింది. ఒక గుక్క నోట్లో తిప్పి మింగి ఫోనులో ఏదో రాసుకుంది. ఎక్కడికెళ్ళినా ఇలా రుచి చూసి మార్కులు వేసుకోవడం దానికి సరదాట. "నువ్వూ చూడక్కా. నచ్చకపోతే వదిలెయ్" అని ఖాళీ గ్లాసులో కాస్త పోసి నా ముందు పెట్టింది.

నెల్లూరు జిల్లాలో పుట్టినదాన్ని. మా అమ్మ సారా ఉద్యమంలో ఊరి ఆడవాళ్ళతో కలిసి దుకాణం ముందు కూర్చున్న మనిషి. నేనా బీరు రుచి చూడటం! అయినా కథలు రాసుకునేదాన్ని, తెలియని వస్తువుని తిట్టడం ఎందుకులే అనిపించింది. చూశాను. ఆ రెండు మూడు గుక్కలు నన్ను చాలా దూరం తీసుకెళ్ళాయి. అది బీరు మత్తు కాదు, ఆలోచన.

వంటింటి భాషలో పిల్స్‌నర్

ముందు రుచి సంగతి చెప్పేస్తాను. రంగు లేత బంగారం. అవతలి మనిషి మొహం కనిపించేంత తేటగా ఉంది. పైన తెల్లటి నురగ. అది సోడా నురగలా చప్పున చావలేదు, కాసేపు నిలిచింది. వాసన అప్పుడే కాల్చిన రొట్టెదీ, ఏదో పచ్చి ఆకుదీ కలిసినట్టుంది. నాలిక మీద మొదట ధాన్యపు తీపి. ఆ వెనకే చేదు. మందు చేదు కాదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు పంటికి తగిలినట్టు ఒక్క క్షణం చురుక్కుమని, నోరు శుభ్రం చేసి వెళ్ళిపోయే చేదు. మా చెల్లెలు పదికి ఏడున్నర వేసింది. నన్నడిగితే ఆరు ఇస్తాను. చివర్లో చేదు కాస్త ఎక్కువసేపు నిలిచింది. పోపులో మెంతులు ఒక చిటికెడు ఎక్కువై మాడితే ఎలా ఉంటుందో, అలా అన్నమాట.

ఎలా చేస్తారో అడిగితే అక్కడి కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు. వింటుంటే కొత్త విద్య అనిపించలేదు. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడతారు. దాన్ని మాల్ట్ అంటారు. మనం పిల్లలకి రాగులు మొలకెత్తించి చేసే రాగి మాల్ట్ పద్ధతే. ఆ మాల్ట్‌ని వేడినీళ్ళలో నానబెడితే పిండిపదార్థం తీపిగా మారుతుంది. ఆ తీపి నీళ్ళు వడగట్టి, హాప్స్ అనే తీగమొక్క పువ్వులు వేసి మరిగిస్తారు. చేదు, వాసన వాటివల్లే. అందులోనూ ఆడ మొక్కల పువ్వులే పనికొస్తాయట! చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. చలికాలంలో దోసెల పిండి నిదానంగా పులుస్తుంది చూడండి, పిల్స్‌నర్‌ని కూడా అలా చల్లటి చోట నిదానంగా పులియనిచ్చి, తర్వాత వారాల తరబడి ఇంకా చల్లగా ఉంచుతారు. ఆ ఓపికవల్లే ఆ తేటదనం.

నీళ్ళ సంగతి వేరే చెప్పాలి. ఉప్పునీళ్ళతో పప్పు ఉడకదని మనకి తెలుసు. పిల్స్‌నర్‌కీ అంతే. ఖనిజాలు బాగా తక్కువగా ఉన్న మెత్తటి నీళ్ళు కావాలి. లేకపోతే ఆ చేదు మొరటుగా మారిపోతుంది.

ముప్ఫై ఆరు పీపాలు

ఈ బీరు పుట్టింది ఇప్పటి చెక్ దేశంలోని పిల్సెన్ ఊళ్ళో. అప్పట్లో అది ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉండేది. 1295లో ఆ ఊరు కట్టించిన రాజు అక్కడి గృహస్థులకి బీరు కాచి అమ్ముకునే హక్కు ఇచ్చాడు. రానురాను ఎవరికి తోచినట్టు వాళ్ళు కాచేసరికి సరుకు దిగజారింది. 1838లో ఊరివాళ్ళు విసిగిపోయి, తాగడానికి పనికిరాదంటూ 36 పీపాల బీరు తెచ్చి మున్సిపాలిటీ భవనం ముందు బజార్లో పారబోయించారు.

అంతటితో ఊరుకోలేదు. హక్కున్న గృహస్థులందరూ కలిసి సొంతంగా కొత్త కార్ఖానా కట్టుకున్నారు. బవేరియా నుంచి జోసెఫ్ గ్రోల్ అనే పనివాణ్ణి పిలిపించారు. 29 ఏళ్ళ కుర్రవాడు. ఆ ఊరి మెత్తటి నీళ్ళు, లేతరంగు మాల్ట్, దగ్గర్లోని జాటెక్ ప్రాంతపు హాప్స్, చల్లటి నేలమాళిగలు అన్నీ కలిసి వచ్చాయి. 1842 అక్టోబరు 5న మొదటి కాపు కాచాడు. నవంబరులో జనం గ్లాసుల్లోకి వచ్చింది. అంతవరకూ బీరంటే చాలావరకు ముదురు రంగు, మడ్డి. ఇది బంగారు రంగులో తళతళలాడింది. ఇవాళ ప్రపంచంలో అమ్ముడుపోయే లేతరంగు బీర్లలో ఎక్కువ భాగం దాని వారసులే.

ఈ కథ నాకు ఎందుకు నచ్చిందంటే, ఒక మంచి వస్తువు పుట్టడానికి మొదటి అడుగు "ఇది బాగాలేదు, మాకొద్దు" అన్న మాట. ఆ మాట అనగలిగిన హక్కు వాళ్ళకుంది. వాళ్ళు పారబోస్తే అధికారులు విన్నారు.

మన జిల్లాలో పారబోసినవాళ్ళు

పారబోయడం అనగానే నాకు మా జిల్లా గుర్తొచ్చింది. 1980లలో ప్రభుత్వమే "వారుణి వాహిని" పేరుతో సారాని ప్లాస్టిక్ ప్యాకెట్లలో ఊరూరా పారించింది. కూలి డబ్బులు ఇంటికి చేరకముందే దుకాణానికి చేరేవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్ళే ఆడవాళ్ళు తమ వాచకంలో, సారాకి బలైన ఒక సంసారం గురించిన పాఠం చదువుకున్నారు. చదువుకుని ఊరుకోలేదు. ఊళ్ళో సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. ఆ నిప్పు ఊరి నుంచి ఊరికి పాకింది. ప్యాకెట్లు తగలబెట్టారు, సారా పారబోశారు, వేలంపాటలు జరగనివ్వలేదు.

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఖజానా ఖాళీ అవుతోందన్నారు, దొంగసారా పెరిగిందన్నారు. రెండిట్లోనూ కొంత నిజం లేకపోలేదు.

రెండు పారబోతల్లోనూ ఒక తేడా ఉంది. పిల్సెన్‌లో పారబోయించినవాళ్ళు బీరు తాగేవాళ్ళు, కాచేవాళ్ళు. దూబగుంటలో పారబోసినవాళ్ళు ఒక్క చుక్క తాగనివాళ్ళు. సరుకు వాళ్ళది కాదు, లాభం వాళ్ళది కాదు. ఖర్చు మాత్రం వాళ్ళది, దెబ్బలు వాళ్ళవి. పిల్సెన్ వాళ్ళు పారబోసి మంచి బీరు సంపాదించుకున్నారు. మన వాళ్ళు పారబోసి కొన్నాళ్ళు ప్రశాంతత సంపాదించుకున్నారు. తర్వాత అది కూడా చేజారింది.

పదమూడు గ్రాములు, అరవై గ్రాములు

ఇప్పటి సంగతికి వద్దాం. ఇంటి లెక్కలు రాసుకునే అలవాటుంది కదా, ఒక చిన్న లెక్క వేశాను. నేను చూసిన పిల్స్‌నర్‌లో ఆల్కహాలు 5 శాతం. 330 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 13 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. దాని ధర అక్కడ 350 రూపాయలు. మన దేశంలో ఎక్కువగా అమ్ముడుపోయేది స్ట్రాంగ్ బీరు. అందులో 8 శాతం దాకా ఉండొచ్చు. అలాంటి 650 మిల్లీలీటర్ల సీసాలో 41 గ్రాములు. ఇక విస్కీ, బ్రాందీ లాంటివి సాధారణంగా 42.8 శాతం. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసాలో 60 గ్రాములకి పైనే.

2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త మద్యం విధానం వచ్చినప్పుడు, పేదవాడికి అందుబాటులో ఉండాలని క్వార్టర్ 99 రూపాయలకే ఇస్తామన్నారు. అంటే మా చెల్లెలు తాగిన గ్లాసులో ఉన్న మత్తుకి దాదాపు అయిదు రెట్లు, దాని ధరలో మూడో వంతు కూడా లేని సొమ్ముకి! ఆమె కట్టిన డబ్బులో చాలా భాగం రుచికి, చల్లటి గదికి, తీరికకి. కూలికెళ్ళే మనిషి కట్టే డబ్బు అంతా మత్తుకి, పన్నుకి. ఒకరికి మద్యం అభిరుచి. ఇంకొకరికి అది ఒళ్ళునొప్పుల మందు, నిద్రమాత్ర, అప్పు, అన్నీనూ.

ప్రభుత్వాలకి ఎవరి గ్లాసు మీద ఎంత శ్రద్ధో కూడా చూశాం. 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ బీరు తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ సంస్థ, ధరలు పెంచలేదనీ బకాయిలు ఇవ్వలేదనీ తెలంగాణకి సరఫరా ఆపేస్తున్నామని ప్రకటించింది. ఆ వార్త పతాక శీర్షికలకెక్కింది. చర్చలు జరిగాయి, సరఫరా మళ్ళీ మొదలైంది, ఫిబ్రవరిలో ధరలు 15 శాతం పెంచారు. అంతా నెల రోజుల పైచిలుకులోనే. అదే ఊళ్ళో బెల్టు షాపు తీసెయ్యమని ఆడవాళ్ళు అర్జీ పెడితే ఎన్ని నెలలు పడుతుందో మీకు తెలియనిది కాదు.

అదే ఏడాది జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. మత్తు పెరగడానికి కల్లులో ఆల్ప్రజోలం లాంటి మందులు కలపడం తెలంగాణలో పాత జబ్బే. మా చెల్లెలు కూర్చున్నచోట నల్లబల్ల మీద శాతాలతో సహా రాసిపెట్టారు. అదే నగరంలో కల్లు సీసా పట్టుకున్న కూలిమనిషికి అందులో ఏముందో చెప్పే దిక్కు లేదు.

"ఆడవాళ్ళు కూడానా?"

ఇది చదువుతూ మీలో కొందరు "ఆడవాళ్ళు బీరు తాగడమేమిటి, కాలం చెడిపోయింది" అనుకుంటూ ఉంటారు. ఒక్కమాట. బీరుకీ ఆడవాళ్ళకీ సంబంధం నిన్నటిది కాదు. ప్రాచీన సుమేరియన్ల బీరు దేవత నింకాసి. మధ్యయుగాల ఇంగ్లండులో ఇంట్లో బీరు కాచి, మిగిలింది ఇరుగుపొరుగుకి అమ్ముకున్నది ఎక్కువగా ఆడవాళ్ళే. అది లాభసాటి వ్యాపారమయ్యాక మగవాళ్ళ చేతుల్లోకి పోయింది. వంట ఇంట్లో ఉన్నంతకాలం మనది, హోటల్లోకి వెళ్ళగానే వాళ్ళది అయినట్టే.

ఇంకో సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో మద్యం తాగే మగవాళ్ళు తెలంగాణలో 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం. ఆడవాళ్ళు తెలంగాణలో సుమారు 7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో ఒక శాతం కూడా లేరు. ఆ తెలంగాణ ఆడవాళ్ళలోనూ పట్నాల కంటే పల్లెల్లోనే ఎక్కువ. పండగకీ పబ్బానికీ ఇంటిల్లిపాదీ కల్లు తాగే ఆచారం అక్కడ తరాల నుంచీ ఉంది. కాబట్టి అద్దాల గదిలో గ్లాసు పట్టుకున్న నలుగురు అమ్మాయిల ఫోటో వేసి సంస్కృతి కూలిపోయిందనడం సులువే. కానీ ఆ ఫోటోలో లేని ఆ 43 శాతం మగవాళ్ళ వల్ల ఎన్ని ఇళ్ళు కూలాయో ఎవరూ అడగరు.

అలాగని "చూశారా, ఆధునికంగా ఉండాలంటే గ్లాసు పట్టుకోవాలి" అనే ప్రచారానికీ నేను లొంగను. కాఫీ గింజల గురించి చెప్పినట్టు బీరు గురించి ముచ్చటగా చెబితే అందులోని ఆల్కహాలు తగ్గిపోదు. ఏ కొద్దిపాటి మద్యమూ ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. ఆడవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ ముప్పుని పెంచేవాటిలో ఆల్కహాలు ఒకటి. అది చిన్న బట్టీలో కాచినా పెద్ద కార్ఖానాలో కాచినా ఒకటే. గర్భిణులు అసలు ముట్టకూడదు. ఈ మాట నల్లబల్ల మీద ఎక్కడా కనిపించలేదు. నేనిచ్చిన ఆరు మార్కుల్లో ఒకటి తగ్గించుకోవాలంటే ఇందుకే.

ఏం అడగాలి మనం?

పూర్తిగా నిషేధించాలా వద్దా అన్న వాదన ముప్ఫై ఏళ్ళుగా నడుస్తోంది. అది ఈ ఒక్క వ్యాసంలో తేలేది కాదు. కానీ అమ్మినంతకాలం కొన్ని అడగడానికి మనకి హక్కుంది. సీసా మీద ఆల్కహాలు శాతం కళ్ళద్దాలు లేకుండా కనిపించేలా తెలుగులో రాయాలి. అందులో ఎన్ని గ్రాములుందో కూడా రాయాలి. కల్లు నమూనాల పరీక్షా ఫలితాలు పంచాయతీ గోడ మీద అంటించాలి. ఊళ్ళో మద్యం దుకాణం ఎక్కడ ఉండాలో, అసలు ఉండాలో వద్దో, గ్రామసభలో ఆడవాళ్ళ మాట విని తేల్చాలి. బెల్టు షాపు ఉందని ఫిర్యాదు చేస్తే ఇన్ని రోజుల్లో చర్య తీసుకుంటామని గడువు చెప్పాలి. మద్యం రాబడిలో కొంతయినా ప్రతి మండలంలో తాగుడు మాన్పించే వైద్యానికి ఖర్చుపెట్టాలి. నల్లబల్ల మీద రాయడం హైదరాబాద్‌లో సాధ్యమైనప్పుడు ఊళ్ళో ఎందుకు సాధ్యం కాదు?

ఆ రోజు నా గ్లాసులో సగం అలాగే వదిలేశాను. ఆ కుర్రాడు ఒక్కమాట అడగకుండా తీసుకెళ్ళి పారబోశాడు. నచ్చనిదాన్ని వదిలేసి లేచి రావడం నాకెంత తేలికైందో అప్పుడు తెలిసింది. మా ఊళ్ళో ఏ ఆడదానికి ఆ తేలిక ఉంది? ఆమె ఇంట్లో ఉన్న సీసా ఆమె తెచ్చింది కాదు, పారబోస్తే రాత్రికి ఏమవుతుందో ఆమెకి తెలుసు.

ఇంటికొచ్చాక నాలుగు రోజులు తటపటాయించి అమ్మకి చెప్పాను. తిడుతుందనుకున్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "ఎంత మత్తు ఉందో పలక మీద రాసిపెట్టాడా వాడు?" అవునన్నాను. "మన బెల్టు షాపు వాణ్ణి కూడా రాయమనండే. ఏం తాగి వస్తున్నాడో కనీసం పెళ్ళానికి తెలియాలిగా" అంది.